గినీకోడి ఫిర్యాదు

"చుక్కల కోడీ చుక్కల కోడీ, పిల్లను దాచవె రెక్కల్లో..." అని చిన్నప్పుడు పాడేవాళ్ళం. ఆ తర్వాతి మాట ఎంత తడుముకున్నా రావడం లేదు. కథ మాత్రం గుర్తుంది.

జిరాఫీలు తిరిగే గడ్డినాడు ఒకటి. అక్కడి జంతువులు సింహాల్ని ఏటి అవతలికి తరిమేసి సొంత రాజ్యం పెట్టుకున్నాయి. పోరులో అందరికంటే గట్టిగా అరిచినందుకు దుమ్ములగొండ్లకు పోలీసు కొలువిచ్చాయి. అవి సింహాలు వదిలేసిన టోపీలే పెట్టుకుని రోజంతా కవాతు చేసేవి. ఎంత ముచ్చటగా చేసేవనీ!

ఒక పొద్దున చుక్కల గినీకోడి రొప్పుతూ ఠాణాకి వచ్చింది. "అయ్యా, నక్క నా పిల్లను బొరియలోకి లాక్కుపోయింది. ఇంకా కిచకిచమంటోంది, తొందరగా రండి!"

"రాసివ్వాలి కదమ్మా. రాయడానికి ఆకుల్లేవు, నువ్వే తెచ్చుకో" అన్నాడు జమేదారు దుమ్ములగొండి.

కోడి ఆకు తెచ్చింది.

"మమ్మల్ని మోసే జీబ్రా మేత లేక లేవడం లేదమ్మా."

కోడి ముక్కుతో గడ్డి మోసుకొచ్చింది. జీబ్రా తిని, మళ్ళీ పడుకుంది. బొరియలో కిచకిచలు సన్నబడుతున్నాయి.

"రేపు జెండా పండగ. ఇప్పుడు కవాతు ఆపితే దేశం పరువేం కావాలి?" అంటూ జమేదారు ఆకు మీద పంజా ముద్ర వేసి కోడికే అందించాడు. "నక్క ఇక్కడికి రావాలని ఇందులో ఉంది. నువ్వే బొరియలోకి దిగి ఇచ్చిరా."

కోడి ఒక అడుగు వెనక్కి వేసింది. "నన్నూ తినేస్తే, అయ్యా?"

జమేదారు టోపీ సర్దుకుని ఎంతో దయగా అన్నాడు: "మేం లేమూ? తినేసిన వెంటనే వచ్చి చెప్పమ్మా."