పదిహేడో నంబరు

"నీ గుర్తింపు కార్డు ఏది?"

తలుపు తోసుకుని లోపలికి వచ్చిన సంచి పెద్దమ్మను సమన్వయాధికారిణి ఆ రోజూ అదే అడిగింది.

"కార్డు లేకుండానే పనవుతోంది కదా తల్లీ," అంటూ పెద్దమ్మ భుజాన ఉన్న సంచి దించి, కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది దర్జీ తమ్ముడి ఫిట్స్ బిళ్ళలది. ఇది బట్టలుతికే పిల్ల కాన్పుది. రెంటి మీదా ఆసుపత్రి ముద్ర వేయించా. మీ సంతకమే తరువాయి."

ఊరి చివర రేకుల వాడలో ఎవరికి జబ్బు చేసినా ఆసుపత్రి, సంక్షేమ శాఖ, పురపాలక కార్యాలయం మూడూ ఆ మనిషిని బంతిలా తన్నుకునేవి. ఆ తన్నుడు ఆపడానికే ఈ సమన్వయ కేంద్రం పెట్టారు. పెట్టాక తన్నేవాళ్లు ముగ్గురు కాస్తా నలుగురయ్యారు.

అయినా ఈమధ్య పనులు చకచకా సాగుతున్నాయి. అదంతా తన గొప్పే అనుకుంది అధికారిణి. పెద్దమ్మ ఆసుపత్రి ఆయా అని ఆమె నమ్మకం.

"కాళ్లలా వాచాయేం? మీ ఆసుపత్రిలోనే చూపించుకోకూడదూ?"

"నా సంగతికేం తల్లీ, ముందు వీళ్లది కానీ."

అధికారిణి సంతకాలు గీకి జాబితా ముందుకు లాక్కుంది.

"నీకో పని చెప్తా, విను. పదిహేడో నంబరు. పెద్ద ఆపరేషన్. రెండేళ్లు నలిగి నలిగి ఇప్పటికి మంజూరైంది. శుక్రవారం సాయంత్రం అయిదు లోపు ఆ మనిషి వచ్చి వేలిముద్ర వెయ్యాలి. లేకపోతే ఫైలు మూసేస్తారు. గుమాస్తా రాసిన ఉత్తరాలన్నీ ఆ ఇల్లు కూల్చేశారంటూ తిరిగొచ్చాయి."

పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది.

"ఎవరమ్మా ఆ అదృష్టవంతులు? పేరు చెప్పండి, రెక్క పట్టుకుని లాక్కొస్తా!"

"పేరు చెప్పకూడదు. అది సంక్షేమ శాఖ ఫైలు. నువ్వేమో ఆసుపత్రి మనిషివి. ఒక శాఖ ఫైల్లో పేరు ఇంకో శాఖ వాళ్లకు చెప్పడం రూల్ కాదు."

"పోనీ, జబ్బేమిటో?"

"అదీ చెప్పకూడదు."

నిజానికి ఆ రెండూ అధికారిణికీ తెలియవు. ఆమె జాబితాలో నంబర్లే ఉంటాయి. ఫైళ్లు బీరువాలో ఉంటాయి. బీరువా తెరవడం గుమాస్తా పని.

"ఉత్త నంబరు పట్టుకుని మనిషిని ఎక్కడని వెతకనమ్మా?"

"ఇంటింటికీ వెళ్లి అడుగు. కాళ్లున్నాయిగా."

పెద్దమ్మ ఆ వాచిన కాళ్లను ఈడ్చుకుంటూ వెళ్లింది.

గురువారం మళ్లీ వచ్చి, ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"నలభై ఇళ్లు తిరిగానమ్మా. పదిహేడో నంబరు మేం కాదంటే మేం కాదంటున్నారు."

"ఇంకో నలభై ఉన్నాయిగా! ఊరికే ఇస్తున్నారా నీకు జీతం?"

"జీతమా?" పెద్దమ్మ నవ్వబోయింది. ఆయాసం అడ్డొచ్చింది. "రేపు తెల్లారగానే మిగతావి చూస్తాలే తల్లీ. ఎవరి ప్రాణమో ఏమో, వదిలెయ్యలేం కదా."

శుక్రవారం పెద్దమ్మ రాలేదు.

నాలుగింటికి మూడు శాఖల అధికారులూ టీ కప్పులతో బల్ల చుట్టూ చేరారు. అధికారిణి ఆసుపత్రి ఆయన మీద గయ్యిమంది.

"సమయానికి మీ ఆయా ఎగ్గొట్టింది, చూశారా?"

"మా ఆయానా? ఆ సంచి ఆవిడ సంక్షేమ శాఖ మనిషి కదండీ?"

"మాకేం సంబంధం? పురపాలక కార్యాలయం వాళ్లేమో అనుకున్నాం."

"మా దగ్గర అలాంటి ఉద్యోగమే లేదే. మాకు సంబంధం లేదు."

ఆ ఒక్క మాట దగ్గర మాత్రం మూడు శాఖలకూ చక్కటి సమన్వయం ఉంది.

అప్పుడే వాడలోని దర్జీ గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో పెద్దమ్మ సంచి.

"ఇది ఎవరికివ్వాలండీ? పొద్దున పెద్దమ్మ మా వీధిలో మెట్ల మీద కూలబడిపోయింది. పదిహేడో నంబరు మీరేనా అని అడుగుతూ అడుగుతూనే ప్రాణం విడిచింది. మీ మనిషి కదా అని తెచ్చాను."

ఎవరూ చెయ్యి చాపలేదు.

"ఇంతకీ ఆవిడ ఎవరి దగ్గర పనిచేసేది?" అని అడిగింది అధికారిణి.

"ఎవరి దగ్గరా లేదండీ. తన అర్జీ కోసమే కాళ్లరిగేలా తిరిగి ఈ దారులన్నీ నేర్చుకుంది. తనది కొట్టేశారని ఎవరో చెప్పారట. సరే, నేర్చుకున్నది ఎందుకు పోవాలని మా కాగితాలు మోయడం మొదలుపెట్టింది."

సంచిని బల్ల మూల పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

పురపాలక ఆయన గడియారం చూసుకున్నాడు. "అయిదైంది. ఆ పదిహేడు సంగతి తేల్చేద్దామా?"

గుమాస్తా బీరువా తెరిచి ఫైలు తెచ్చాడు. పైకాగితం మీద అధికారిణి రాసింది: 'ఎంత ప్రయత్నించినా రోగి ఆచూకీ తెలియలేదు. ఫైలు మూసివేయడమైనది.'

సంతకం లోపలి పేజీలో కూడా కావాలన్నాడు గుమాస్తా.

ఆమె పేజీ తిప్పింది. అర్జీకి అంటించిన ఫోటోలోంచి సంచి పెద్దమ్మ, భుజాన అదే సంచితో, ఆమె వంకే చూస్తోంది.