యమ్మా

జోర్డాన్ లోయలో పాతకాలపు ఊరు పూడిపోయిన ఆ దిబ్బకు నాయెఫ్ కాపలాదారు. తవ్వకాల్లో ఆవేళ ఒక ఇంటి నేల కింద కుండ బయటపడింది. అందులో పసిబిడ్డ ఎముకలున్నాయి. ఆ కాలపు తల్లులు పోయిన బిడ్డను దూరం పంపలేక పొయ్యి పక్కనే పాతుకునేవారట. కుండను నాయెఫ్ ఇంటి పక్కనున్న సామాన్ల గదిలో పెట్టి, తాళంచెవి అతనికిచ్చి తవ్వేవాళ్ళందరూ వెళ్ళిపోయారు.

చీకటి పడింది. భార్య ఖితామ్ మరమియ్యా ఆకు వేసి టీ కాస్తోంది. దిబ్బ మీంచి సన్నగా వినిపించింది.

"యమ్మా..."

"బిస్మిల్లా! కుండలో బిడ్డ తల్లిని పిలుస్తోందే!" నాయెఫ్ గొణిగాడు.

"కుండ పక్కగదిలో ఉంటే పిలుపు దిబ్బ మీంచి ఎందుకొస్తుందయ్యా? మంచి కాపలాదారువే! అది బిడ్డ కాదు. తల్లి."

అక్కడి అరబ్బుల్లో బిడ్డ తల్లిని యమ్మా అంటుంది. తల్లి కూడా బిడ్డను ముద్దుగా యమ్మా అనే పిలుస్తుంది. పోయిన చలికాలం తమ పాపను మట్టిలో పెట్టి వచ్చాక ఖితామ్ నోట ఆ మాట రాలేదు.

మళ్ళీ పిలుపు. ఈసారి వాకిట్లోంచి.

ఖితామ్ అతని నడుముకున్న తాళంచెవి లాక్కుంది.

"ఎక్కడికే? మతిపోయిందా?"

"గుంత ఖాళీగా కనబడితే ఏ తల్లి ఊరుకుంటుంది?"

ఆమె వెళ్ళింది. తాళం తీసిన చప్పుడైంది. తర్వాత ఆ గదిలోంచి రెండు గొంతులు కలిసి "యమ్మా" అన్నాయి. ఒకటి ఖితామ్‌ది.

జవాబుగా పాప ఏడ్చింది. ఆ ఏడుపు నాయెఫ్‌కు తెలుసు. పోయిన చలికాలం దాకా రోజూ విన్నదే.