లోతు వైపు వాటా

"చెరువుగట్టు స్థలాన్ని రెండు ముక్కలు చేయమంటున్నారు. రూల్ ప్రకారం నీటి అంచు నుంచి ముప్పై అడుగులు ఖాళీగా వదలమంటే పదిహేనే వదులుతామంటున్నారు. అంతేనా?" అని అడిగాడు కౌన్సిల్ అధ్యక్షుడు.

మూడేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఎవరికి వారే తలూపారు.

సర్వేయరు లేచాడు. "అయ్యా, నిన్న కొలవబోతే నడుంలోతు నీళ్లున్నాయి. మొన్నటి వానలకు స్థలం చెరువులో కలిసిపోయింది."

"అయితే వదిలే పనే లేదు. పదిహేను కొట్టేసి సున్నా వేయండి," అన్నాడు అధ్యక్షుడు. సభ్యులందరూ చేతులెత్తారు. అనుమతి వచ్చేసింది.

"తూర్పు ముక్క ఎవరికి?" అన్నాడు గుమస్తా. అన్నదమ్ముల గొడవంతా ఆ ముక్క కోసమే.

"అటే లోతెక్కువ," అన్నాడు సర్వేయరు.

తమ్ముడు మెల్లగా అన్న వైపు తిరిగాడు.

"నీకు ఈత రాదు కదన్నయ్యా. అది నేను తీసుకుంటాలే."