పెన్‌డ్రైవుకు పలకరింపు

రాఘవన్ సొంతంగా రాసుకుంటున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఆరోజే మొదటిసారి పెన్‌డ్రైవును గుర్తుపట్టింది. తమిళనాడు ధర్మపురిలోని ఇంట్లో అతనొక్కడే. అక్క యోగలక్ష్మికి ఫోన్ చేసి పిలిపించాడు.

“దీనికా నన్ను కడత్తూరు నుంచి రప్పించినావు? బ్రౌజింగ్ సెంటర్లో అన్ని కంప్యూటర్లూ చేసే పనే గదరా!”

“ఇది నేను చేసిందక్కా. నువ్వే పెట్టి చూడు.”

ఆమె పెన్‌డ్రైవు పెట్టింది. నల్లటి తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు వచ్చాయి.

“వచ్చినావా? కాళ్లు కడుక్కుని రా, తిందువు.”

అమ్మ పోయాక ఆ ఇంట్లో ఎవరూ అనని మాట.

యోగలక్ష్మి పెన్‌డ్రైవు తీసి, మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట వచ్చింది.

“ఇది పైకి పలకదా రా?”

“సౌండు ఎట్లనో రాసేస్తానక్కా. ఆ గొంతు యాడ్నుంచి తెచ్చేది?”