తేదీ వేసిన నోటీసు

“వైరస్ వచ్చి ఫైళ్లన్నీ లాకయినయ్ సార్. నా నాలుగేండ్ల రీడింగులు అండ్లనే ఉన్నయ్. సోమవారం థీసిస్ ఇయ్యాలె,” అంది నిరోష.

“ఈ పాత సిస్టమ్‌కు అప్‌డేట్లు రావు. కొత్తది పెడితే ల్యాబు మిషన్ పనిచేయదు. అందుకే కదా నెట్ తీసేసి, నోటీసు అంటించినా. బయటి పెన్‌డ్రైవ్ ఎవరు పెట్టినారు?” ప్రొఫెసర్ శేషాద్రి గొంతు పెరిగింది.

నిరోష గోడ వైపు చూసింది.

“ఆ నోటీసు యాడ టైప్ చేసిన్రు సార్?”

“ఈ కంప్యూటర్లోనే.”

“ప్రింటు?”

“తార్నాక జిరాక్స్ షాపులో. తేదీ వేయడం మర్చిపోయింటి. పెన్‌డ్రైవ్ వెనక్కి తెచ్చి, మళ్లీ దీనికే పెట్టి...”

ఆయన చూపు కూడా గోడ మీది నోటీసు వైపు తిరిగింది.

‘బయటి పెన్‌డ్రైవ్‌లు వాడరాదు’ అన్న అక్షరాల కింద ఆయన సంతకం, నిన్నటి తేదీ ఉన్నాయి.