మొదటి రోజు పాఠం

"సుత్తి ముట్టుకోకు!" అని అరిచారు మాస్టారు.

రేకు బాబాయి చెయ్యి గాల్లోనే ఆగింది. "సుత్తి లేకుండా వంకర ఎలా తీస్తాను మాస్టారూ, మంత్రం వేసా?"

"ఏమైనా వెయ్యి. రంగు మాత్రం రాలకూడదు."

బల్ల మీద ఉన్నది ఒక పాత కారు నంబరు ప్లేటు. నల్ల రేకు మీద తెల్ల అంకెలు. కుడి చివర నాలుగు వేళ్ళ మేర లోపలికి మడతపడింది. వీధిలో కార్ల సొట్టలన్నీ తీసేది ఈయనే. తనకంటే పెద్దవాళ్ళు కూడా రేకు బాబాయనే పిలుస్తారు. మాస్టారు ముప్ఫై ఎనిమిదేళ్ళు డ్రైవింగు స్కూల్లో పాఠాలు చెప్పి, కిందటి నెలలో మానేశారు.

"పోతే పోయింది, మళ్ళీ రాయిద్దాం. మా పెయింటరు గంటలో రాసిస్తాడు."

"ఇవి మా ఆవిడ రాసిన అంకెలయ్యా. ఆ మూడు చూడు, కింద వంపు లావుగా ఉంది. రాస్తుంటే పిలిచాను. ఉలిక్కిపడింది, కుంచె జారింది. అప్పటికి పెళ్ళయి నాలుగు నెలలు."

బాబాయి సుత్తి పక్కన పెట్టాడు. పొయ్యి మీద నీళ్ళు కాచి, తొట్టిలో పోసి, ప్లేటు ముంచాడు.

"పాత రంగు చల్లగా ఉంటే పెళుసు. వెచ్చబడితే రేకుతో పాటు వంగుతుంది," అన్నాడు. "ఇంతకీ దీనికి ఈ గతి ఎలా పట్టింది?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటి రోజు చెప్పిన కథే అది.

"మా నాన్నగారి కారు. ఆవిడకి నేనే నేర్పాను. ముందుకి బాణంలా పోయేది. వెనక్కి తియ్యడం మాత్రం వచ్చేది కాదు. అందుకని రోజూ పొద్దున నేనే వెనక్కి తీసి, గేటు దాటించి రోడ్డు మీద పెట్టి ఇచ్చేవాణ్ణి. ఆ రోజు నాకు స్కూల్లో ఉద్యోగానికి పిలుపు. ఆలస్యమైపోయింది. కారు బయట పెట్టి, తాళంచెవి ఆవిడ చేతిలో పడేసి, బస్సు కోసం పరిగెత్తాను. సాయంత్రం ఉద్యోగం వచ్చిందని చెబుదామని వచ్చేసరికి నాన్నగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. కారు రోడ్డు మీదే ఉంది. ప్లేటు ఇలా మడతపడింది. గేటు గడియకి నల్లరంగు అంటుకుని ఉంది."

"అమ్మగారు వెనక్కి తియ్యబోయారా?"

"మరి! రాని పని చేస్తే అంతేగా. గుద్దేసి, హడలిపోయి, రోడ్డు మీదే వదిలేసింది. నాన్నగారు 'ఎవరు?' అన్నారు. నేను నోరు విప్పేలోపే 'నేనే మామయ్యగారూ' అంది."

"తిట్టారా?"

"తిడితే బాగుండేది. కారుకి సొట్ట పెట్టినవాళ్ళు మళ్ళీ స్టీరింగు పట్టకూడదని ఇంట్లో ఆయన రూలు. తాళంచెవి ఆవిడ చేతిలోంచి తీసి నా చేతిలో పెట్టారు. ఆ ప్లేటు ఊడదీయించి కొత్తది బిగించారు. నేను ఆ కారు మీదే నెల రోజులు సాధన చేసి, స్కూలు వాళ్ళ పరీక్ష గట్టెక్కాను. ఆవిడ మాత్రం నాన్నగారు పోయాక కూడా స్టీరింగు ముట్టుకోలేదు."

బాబాయి ప్లేటు తీసి తుడిచాడు. రెండు చెక్కల మధ్య మెత్తటి గుడ్డ పరిచి, ప్లేటు పెట్టి, క్లాంపు పావు మర తిప్పాడు. ఆగాడు. మళ్ళీ పావు మర.

"వెనక ప్లేటులతో ఇదే తంటా. దీపం బిగించే చిల్లుల దగ్గర రేకు చిరుగుతుంది," అన్నాడు. "అది సరే, ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకు?"

"స్కూల్లో గోడకి ఉండేది. 'ఇది మా ఆవిడ చేతి పని. గేటు పక్కకి జరగదు, మీరే జరగాలి' అనేవాణ్ణి. గదంతా నవ్వేది. మానేశాక ఇంటికి తెచ్చి హాల్లో మేకు కొట్టాను. 'అంకెలు ఉండనివ్వండి, ఆ వంకర మాత్రం నాకు కనిపించకూడదు' అంది." మాస్టారు మూడు అంకె వైపే చూస్తున్నారు. "అందరినీ నవ్వించాను బాబాయ్. ఆవిడ ఒక్కసారి కూడా నవ్వలేదని ఆ రోజే తెలిసింది."

బాబాయి ప్లేటు మళ్ళీ ముంచి, మళ్ళీ బిగించాడు. నీళ్ళు నాలుగుసార్లు కాచాడు. మధ్యాహ్నానికి క్లాంపు విప్పి, ప్లేటు అంచు కంటికెదురుగా పెట్టి చూసి, మాస్టారి చేతికిచ్చాడు. మడత ఉన్నచోట వెంట్రుకంత గీత మిగిలింది. మూడు అంకె చెక్కుచెదరలేదు.

ఇంట్లో ఆవిడ ప్లేటు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. బొటనవేలితో మడత ఉన్నచోటు తడిమింది. తరవాత మూడు కింద లావు వంపు తడిమింది.

"పెచ్చు కూడా రాలలేదు," అన్నారు మాస్టారు. "ఇంక ఆ జోకు వెయ్యను. రేపటినించి మళ్ళీ స్టీరింగు పట్టు. నాన్నగారి రూలు నేను కొట్టేస్తున్నా."

"గొప్పే!" అంటూ ఆవిడ ప్లేటు మేకుకి తగిలించింది. ఒక అడుగు వెనక్కి వేసి, సమంగా ఉందో లేదో చూసుకుంది.

"ఒక్కటి చెప్పు. వెనక్కి తియ్యడం రాదని తెలుసు కదా, ఆ రోజు ఎందుకు తీశావు?"

ఆవిడ ప్లేటు ఎడమ చివర కొంచెం పైకెత్తింది.

"ఆ రోజు నేను కారు ఎక్కనే లేదండీ."