గేటు దాటే బరువు

వంతెనలన్నీ బీటలువారాక, సైకిలూ మనిషీ కలిపి యాభై కిలోలు దాటితే వాటి గేట్లు తెరుచుకోవడం మానేశాయి. గేటు దాటలేని కొరియర్‌కు ఆ పూట కూలి లేదు.

కొత్త సైకిలు కోసం వచ్చిన కొరియర్ రవళిక ముందు, సైకిళ్లు బిగించే ఐలయ్య రెండు కార్బన్ ఫ్రేములు పెట్టాడు. తేలికదాన్ని, కుండ కొనేముందు చూసినట్టు, వేలితో కొట్టాడు. బొంగురుగా మోగింది.

"లోపల పగులున్నది బిడ్డా. గుంతల పడితే ఇరుగుతది. గట్టిది తీస్కో, జర కడుపు మాడ్చుకో."

"ఇన్నొద్దులు మాడ్చుకున్న కాకా. ఇగ ఆకలి నా ఒక్కదానిది గాదు."

ఆమె చెయ్యి పొత్తికడుపు మీద ఉంది. ఐలయ్య పగులున్నదానికే చక్రాలు బిగించాడు. పగులు మీద నల్లటేపు చుట్టబోయాడు.

"టేపొద్దు కాకా," అంది రవళిక. "అది గూడ బరువే."